రెండు దెబ్బలు, ఆగి ఒకటి

ఎల్లేశం బేస్ గిటార్‌కు ఐదు తీగల చోటుంది, ఉన్నవి నాలుగే. అన్నింటికంటే లావుది, పైన ఉండాల్సింది, లేదు. ఆర్కెస్ట్రా పార్టీలో కొత్తగా చేరినవాళ్లు అడుగుతారు, మైకుసెట్టు వాళ్లు అడుగుతారు. "గా తీగ జగిత్యాలల దొర్కుతలేదు" అంటాడు. దొరక్కపోవడమేమీ లేదు. ఆ తీగ కోరుట్లలో అతని ఇంట్లోనే, బీరువా మీద, పాత పేపర్లో చుట్టచుట్టి ఉంది. ఎవరికీ నష్టం లేని అబద్ధం కాబట్టి దాన్ని వదిలేద్దాం. అంతకుముందు ఎల్లేశం ఇంకో అబద్ధం ఆడాడు. నాలుగంటే నాలుగే మాటలు. దాని సంగతి చెప్పాలంటే మొదటి నుంచీ రావాలి.

లోకానికి పాడేవాడు కావాలి. పాడేవాడి పక్కన కీబోర్డు వాయించేవాడు కనపడతాడు, డ్రమ్ములు కొట్టేవాడిని పిల్లలు గుడ్లప్పగించి చూస్తారు. బేస్ వాయించేవాడి దగ్గరికి మాత్రం పెళ్లికొచ్చిన పెద్దమనిషి ఎవరో భోజనం ముగించి, పళ్లు కుట్టుకుంటూ వచ్చి, "నీ గిటారుకు సప్పుడు రాదా తమ్మీ?" అని అడుగుతాడు. చప్పుడు రాకపోతే ఇంతసేపూ తన కాలు ఎందుకు ఊగిందో ఆ మహానుభావుడికి తెలియదు. ఇంటికి వేసిన రంగును మెచ్చుకునేవాళ్లే తప్ప పునాదిని మెచ్చుకునేవాళ్లు ఎక్కడున్నారు? ఎల్లేశంకు ఇది ఎప్పుడో అలవాటైపోయింది. అలవాటైనంత మాత్రాన బాధ ఉండదనుకోకూడదు.

అతని సొంతూరు సారంగాపూర్. తండ్రి భీమయ్య కల్లు గీసేవాడు. నడుముకు ముత్తాదు, అంటే ఆ వెడల్పాటి తోలుపట్టా, బిగించి, మోకు వేసి చెట్టెక్కేవాడు. ఎల్లేశం రెండు నిలువులు ఎక్కేసరికి కళ్లు తిరిగి దిగిపోయేవాడు. "చెట్టెక్కనోనికి గౌండ్లోళ్ల ఇంట్ల ఏం పనిరా" అని భీమయ్య నవ్వేవాడే కానీ బలవంతపెట్టలేదు. చెట్టు మీది నుంచి పడ్డవాళ్లను ఆయన తన భుజాల మీద మోసుకొచ్చినవాడు.

పదో తరగతి తప్పాక ఎల్లేశం కోరుట్లకు వచ్చి అబ్దుల్ రహీం దగ్గర చేరాడు. రహీంకు రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే దుకాణం ఉండేది. దాంతోపాటు పెళ్లిళ్లలో పాటలు పాడే ఆర్కెస్ట్రా కూడా నడిపేవాడు. ఎల్లేశం మొదట స్పీకరు డబ్బాలు మోశాడు. ఏడాది తిరక్కుండానే పార్టీలో బేస్ వాయించేవాడు మస్కట్ విమానం ఎక్కాడు. రహీం ఆ గిటార్ తెచ్చి ఎల్లేశం మెడలో వేశాడు.

"గిది పట్టుకో. అందరికంటె ముంగట ఉరుకకు, అందరికంటె ఎన్కకు పడకు. గంతే దీంట్ల ఉన్న హునర్, పనితనం" అన్నాడు.

పైకి ఎక్కలేని మనిషికి అడుగున ఉండే వాయిద్యం దొరికింది. రెండేళ్లలో ఎల్లేశం వేళ్లు గట్టిపడ్డాయి. ఏ పాటలో పాడేవాడు తడబడతాడో, ఎక్కడ డ్రమ్ములవాడు తొందరపడతాడో అతనికి ముందే తెలిసిపోయేది. అడుగు నుంచి పాటను పట్టుకుని నిలబెట్టేవాడు. ఆ సంగతి రహీంకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

ఇంకెవరికీ తెలియదనుకున్న రోజుల్లో సిరిసిల్లలో ఒక ఆసామి కూతురి పెళ్లికి వెళ్లారు. సిరిసిల్లలో ఆసామి అంటే సాంచాల యజమాని, సాంచాలంటే బట్ట నేసే మరమగ్గాలు. పొద్దున ముహూర్తం, మధ్యాహ్నం పాటలు. అంతా అయిపోయి వైర్లు చుడుతుంటే ఒకమ్మాయి వచ్చి నిలబడింది. పాడినవాళ్ల దగ్గరికి పోలేదు. నేరుగా ఎల్లేశం దగ్గరికొచ్చి గిటార్ వైపు వేలు చూపించింది.

"గా లావు తీగలది ఏంది?"

"బేస్" అన్నాడు ఎల్లేశం. ఆమెకు అర్థంకాలేదు. మళ్లీ చెప్పాడు. ఆమె అతని పెదాలను చూసింది.

"గిదొక్కటే నాకు సాఫ్‌గ ఇనవడ్డది. కడమయన్ని గోల" అంది.

ఆమె పేరు కళ్యాణి. పద్నాలుగో ఏట నుంచి తల్లి పోశవ్వతోపాటు సాంచాల షెడ్డులో నూలు కండెలు చుట్టింది. చుట్టూ ముప్పై సాంచాలు, పొద్దంతా మోత. సన్నటి చప్పుళ్లు ముందు పోయాయి. పిచ్చుకలు, గాజులు, కుక్కరు విజిలు, ఆ తర్వాత మాటల్లో సగం అక్షరాలు. లావు చప్పుళ్లు మిగిలాయి. ఉరుము, డప్పు, మూలమలుపు తిరిగే లారీ. కరీంనగర్ డాక్టరు కాగితం మీద గీత గీసి చూపించాడు. ఎడమ పక్కన పైన ఉన్న గీత కుడిపక్కకు వచ్చేసరికి గుట్ట దిగినట్టు దిగిపోయింది. ఎడమ పక్కది, అంటే లావు చప్పుడు, ఎప్పటికీ ఉంటుందని ఆయన అన్నాడు. చెవి మిషను కూడా ఇచ్చాడు కానీ, దాన్ని పెట్టుకుంటే షెడ్డు మొత్తం నెత్తిన పెట్టుకున్నట్టుందని ఆమె డబ్బాలో పెట్టేసింది. షెడ్డు నుంచి ఇంటికొచ్చాక కూడా చెవుల్లో సాంచాల హోరు నడుస్తూనే ఉండేది. ఏది నిజం చప్పుడో, ఏది చెవి కల్పించిన చప్పుడో తేల్చుకోవడం ఆమెకు రోజూ ఉండే పనే.

బేస్ వాయించేవాడిని జీవితంలో మొదటిసారి ఒక మనిషి వచ్చి, నీదొక్కటే వినపడింది అంటే వాడేమవుతాడు? ఎల్లేశం ఆ నెలలో నాలుగుసార్లు సిరిసిల్ల బస్సెక్కాడు.

షెడ్డులోకి పోయి పేరుపెట్టి పిలిస్తే ఆమె తల తిప్పలేదు. మూడుసార్లు పిలిచాడు. పక్కనే ఉన్న పోశవ్వ నవ్వి, ఎట్లా పిలవాలో చూపించింది. ఆ షెడ్డులో ఎవరూ ఎవరినీ నోటితో పిలవరు. మనిషి కూర్చున్న పీట మీద పిడికిలితో రెండు దెబ్బలు కొడతారు, ఒక్క క్షణం ఆగి మూడో దెబ్బ. అది చెవికి కాదు, ఒంటికి తగులుతుంది. పిలుపు అందినవాళ్లు అరచేత్తో ఒకటే దెబ్బ కొడతారు. వస్తున్న అని దాని అర్థం. ఎల్లేశం వంగి కళ్యాణి పీట మీద కొట్టాడు. ఆమె తల తిప్పకుండానే పీట మీద అరచేత్తో ఒకటి కొట్టింది.

గౌండ్లవాళ్ల పిల్లగాడు, పద్మశాలోళ్ల పిల్ల. రెండు ఇళ్లలోనూ కొన్నాళ్లు మూతులు ముడుచుకున్నారు. ముడి ముందు విప్పింది పోశవ్వే. "మా మాట దీనికెట్లాగు ఇనవడది. నీది ఇనవడ్తదంటున్నది. తోల్కపో బిడ్డా" అంది.

కోరుట్లలో అద్దె ఇంట్లో కాపురం పెట్టారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఉంది వీని సంసారమని పార్టీలో వాళ్లు ఎగతాళి చేశారు. అననీ పాపం. సామెత తెలిసినంతగా వాళ్లకు కళ్యాణి తెలియదు.

రహీం ఇచ్చిన పాత గిటార్ మెడ వంగిపోయాక కొత్తది కొనడానికి ఇద్దరూ హైదరాబాద్ వెళ్లారు. వెళ్లేముందు రహీం మూడు మాటలు చెప్పాడు. రంగు చూసి కొనకు. బ్యాటరీ ఉన్నది కొనకు, రుద్రంగి పెళ్లి పందిట్లో బ్యాటరీ చచ్చిపోతే ఎవన్ని అడుగుతావు. నాలుగు తీగలు చాలు, ఐదోది షోకు. మొదటి రెండూ ఎల్లేశం విన్నాడు. మూడో విషయంలో పెత్తనం కళ్యాణి తీసుకుంది.

దుకాణంవాడు ఎర్రవి, నల్లవి, అద్దంలా మెరిసేవి వరసగా తీసి పెట్టాడు. కళ్యాణి ఒక్కదాన్నీ చూడలేదు. స్పీకరుకు వీపు ఆనించి, గోడవైపు తిరిగి నేలమీద కూర్చుంది.

"అన్నింటి మీద ఒక్కటే వాయించు" అంది.

ఏం వాయించాలో అతనికి చెప్పనక్కర్లేదు. రెండు దెబ్బలు, ఆగి ఒకటి. ఒక్కో గిటార్ మీద అన్నింటికంటే లావు తీగతో అదే వాయించాడు. చౌకరకం ఐదు తీగల గిటార్లలో ఐదో తీగ వదులుగా ఉండి బుర్రుమంటుంది, దెబ్బ ఎక్కడ మొదలైందో తెలియదు. కళ్యాణి చెయ్యి అడ్డంగా ఊపుతూ పోయింది. ఏడోది కాఫీ రంగుది. పక్కన గీతలు పడి ఉంది, మోయలేనంత బరువు, మెడ పొడుగు. దాని ఐదో తీగ బిగుతుగా ఉంది. మూడో దెబ్బ పూర్తికాకముందే ఆమె నేల మీద అరచేత్తో కొట్టింది.

"బరువున్నది కళ్యాణీ. మెడ కిందికి గుంజుతున్నది" అన్నాడు ఎల్లేశం.

"నన్ను మోస్తలేవా" అంది ఆమె.

దుకాణంవాడు ఇచ్చిన నైలాను పట్టీ భుజం మీద జారిపోయేది, గిటార్ తల నేలచూపు చూసేది. భీమయ్య చెట్లెక్కడం మానేసి ముత్తాదును దూలానికి తగిలించాడు. ఎల్లేశం దాన్ని అడిగి తెచ్చుకుని, కోయించి, గిటార్‌కు పట్టీ చేసుకున్నాడు. గరుకు తోలు భుజాన్ని పట్టుకుంది. "చెట్టెక్కకపోతివి గని ముత్తాదు కట్టినవ్" అని భీమయ్య సంబరపడ్డాడు.

ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు బాగా గడిచాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఎక్కడ పెళ్లి పాటలున్నా, వీలున్నప్పుడల్లా కళ్యాణి వెంట వచ్చేది. ఆడవాళ్లలో కూర్చునేది కాదు. వేదిక పక్కన నేల మీద పెట్టే పెద్ద బేస్ డబ్బాకు భుజం ఆనించి కూర్చునేది. ప్రతి పాటలోనూ రెండో చరణం మొదలయ్యే ముందు ఒక చిన్న సందు ఉంటుంది. ఆ సందులో ఎల్లేశం ఐదో తీగ మీద ఆమెను పిలిచేవాడు. రెండు దెబ్బలు, ఆగి ఒకటి. ఆమె డబ్బా మీద అరచేత్తో కొట్టేది. ఆ మోతలో అతనికి అది వినపడేది కాదు, చెయ్యి లేవడం కనపడేది. వందలమంది ఉన్న పందిట్లో మొగుడూ పెళ్లాం మాట్లాడుకుంటున్నారని ఒక్కరికీ తెలిసేది కాదు. కూతురు సృజన పుట్టింది, పెరిగింది, జగిత్యాల కాలేజీలో చేరింది. ఇంట్లో అన్నీ ఉన్నాయా అంటే లేవు. ఆ పిలుపు ఉంది.

కరోనా వచ్చి పెళ్లిళ్లను మింగేసింది. మళ్లీ పెళ్లిళ్లు మొదలయ్యేసరికి జనం చెవులు మారిపోయాయి. ఫోన్లో ఉన్న పాట ఫోన్లో ఉన్నట్టే కావాలి. రహీం ముసలివాడయ్యాడు. పార్టీ బతకాలంటే ట్రాకులు కావాలని ఒక ల్యాప్‌టాప్ తెచ్చాడు. పాడేవాడు ఒక్కడే నిజంగా పాడతాడు. వెనక వాయిద్యాలన్నీ ల్యాప్‌టాప్ లోంచి వస్తాయి, బేస్‌తో సహా.

"మరి నేను?" అన్నాడు ఎల్లేశం.

రహీం అతని ముఖం చూడలేదు. "నువ్వు నిలవడు ఎల్లేశ్. స్టేజి నిండుగ కనవడాలె. వేళ్లు ఆడియ్యి, గంతే" అన్నాడు. ల్యాప్‌టాప్ మూత వేసి, "నాకు మంచిగ అనిపిస్తలేదు బేటా. గని ఏం చేద్దం" అన్నాడు.

అప్పటినుంచి ఎల్లేశం గిటార్ వైరు వేదిక మీద ఎక్కడికీ పోలేదు. దాని రెండో కొసను ప్యాంటు జేబులో పెట్టుకునేవాడు. ట్రాకులో ఎవరో, ఏ స్టూడియోలోనో వాయించిన బేస్‌కు అతను వేళ్లు ఆడించేవాడు. వాయించగలిగినవాడు వాయిస్తున్నట్టు నటించడం ఎంత అవమానమో అనుభవించినవాడికే తెలుసు. ఇంట్లో చెప్పలేకపోయాడు. లోకంలో తన పనికి విలువ ఇచ్చిన ఒకే ఒక్క మనిషికి, ఇప్పుడు నేను బొమ్మనని ఎట్లా చెబుతాడు?

జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లి. రెండేళ్ల తర్వాత మొదటిసారి కళ్యాణి వెంట వస్తానంది. ఎల్లేశం వద్దనలేకపోయాడు. ఆమె ఎప్పటిలాగే డబ్బాకు భుజం ఆనించి కూర్చుంది. పదకొండు పాటలయ్యాయి. ప్రతి పాటలో రెండో చరణం ముందు ఆమె కళ్లు అతనివైపు లేచేవి. చెయ్యి డబ్బా మీద సిద్ధంగా ఉండేది. ట్రాకు తన దారిన తాను పోయేది. ఆమె చెయ్యి ఒక్కసారి కూడా లేవలేదు.

బస్టాండులో కోరుట్ల బస్సు కోసం నిలబడినప్పుడు అడిగింది.

"ఇయ్యాల నన్ను పిలువలేవేంది?"

అప్పుడు చెప్పొచ్చు. ఆమె ఏమనేది? మహా అయితే రహీంను నాలుగు తిట్టేది. కానీ ఎల్లేశం నోట్లోంచి ఆ నాలుగు మాటలు వచ్చేశాయి.

"నేను పిలిచిన. నీకే ఇనవడలే."

కళ్యాణి అతని పెదాలవైపు ఇంకాసేపు చూసింది, తప్పుగా చదివానేమోనన్నట్టు. తర్వాత చెయ్యెత్తి చెవిని ముట్టుకుంది.

"గంతేనా. డబ్బల సప్పుడు ఇనవడ్డది మరి. నువ్వు పిలిచింది ఇనవడలే" అంది. బస్సులో సగం దూరం వచ్చాక తనలో తాను అనుకున్నట్టు మళ్లీ అంది. "ఉన్నది ఇనవడుతలేదు. లేనిది ఇనవడుతది. ఇంక గీ చెవులను నమ్ముడేంది."

నిజంగానే నమ్మడం మానేసింది. మళ్లీ పాటలకు రాలేదు. వాకిట్లో ఎవరో పిలిచినట్టుంటే లేచి చూసే మనిషి, చూడటం మానేసింది. ఎప్పటిలాగే హోరు అనుకునేది. సృజన సెలవుల్లో ఇంటికొస్తే తల్లి వీపు వెనక పీట మీద కొట్టి నవ్వించేది, ఇప్పుడు ఆ పిల్ల కొట్టినా కళ్యాణి ఒక్కోసారి కదిలేది కాదు. ఎల్లేశం ఇవన్నీ చూశాడు. రేపు చెబుదాం అనుకున్నాడు. అబద్ధానికి ఒక గుణముంది. మొదటిరోజు విప్పితే ముడి, నెల తర్వాత విప్పితే నేరం. రేపు రేపంటూ నాలుగేళ్లు గడిపాడు.

మధ్యలో, రెండో ఏడు, పోశవ్వకు పక్షవాతం వచ్చింది. మాట పోయింది, కాళ్లూ చేతులూ పడిపోయాయి. ఇక చెయ్యి లేవదని డాక్టర్లు చెప్పేశారు. కళ్యాణి సిరిసిల్లకు పోయి రెండు నెలలు తల్లి దగ్గరే ఉంది. చిన్న ఇల్లు, నేలంతా షాబాదు బండలు. ముందు గదిలో చెక్కమంచం మీద పోశవ్వ, వెనక వసారాలో వంట. ఒక మధ్యాహ్నం కళ్యాణి వసారాలో బండల మీద కూర్చుని బెండకాయలు తరుగుతుండగా ముందు గదిలో పోశవ్వ ప్రాణం పోయింది. అవ్వా అంటూ జావ తీసుకుని లోపలికి వెళ్లినప్పుడు చూసింది. కబురందుకుని ఎల్లేశం వెళ్లేసరికి అమ్మలక్కలు చుట్టూ చేరి ఉన్నారు. పోశవ్వ ఎడమచెయ్యి గుండె మీది నుంచి జారి మంచం పట్టె మీద పడి ఉంది, ఒకామె దాన్ని తీసి మళ్లీ గుండె మీద పెట్టింది. కళ్యాణి ఏడవకుండా ఆ చేతివైపే చూస్తూ ఉండిపోయింది. తల్లి పోయిన మనిషి ఎట్లాగైనా చూస్తుంది కదా అని ఎల్లేశం అనుకున్నాడు.

ఈ ఏడు సిరిసిల్లలో కళ్యాణి చిన్నాయన మనవరాలి పెళ్లి. పాటలు రహీం పార్టీవే. చుట్టం పెళ్లి కాబట్టి కళ్యాణి వచ్చింది కానీ, వేదికకు చాలా దూరంగా, భోజనాల బల్లల దగ్గర ఆడవాళ్లతో కూర్చుంది. మూడో పాట మొదటి చరణంలో ల్యాప్‌టాప్ ఆగిపోయింది. పాడేవాడి గొంతు ఒక్కటే ఎండలో గొడుగు లేకుండా నిలబడ్డట్టు నిలబడింది. రహీం ల్యాప్‌టాప్ మీద రెండుసార్లు కొట్టి, ఎల్లేశం వైపు తిరిగి చెయ్యి ఊపాడు. వాయించు అని.

జేబులోంచి వైరు కొస తీసి బేస్ డబ్బాకు గుచ్చడానికి ఎల్లేశంకు ఒక్క క్షణం పట్టింది. నాలుగేళ్లుగా ఉత్తగా ఆడిన వేళ్లు తీగకు తగిలి నిజంగా మోగాయి. పాట నిలబడింది. కీబోర్డువాడు అందుకున్నాడు, డ్రమ్ములవాడు అందుకున్నాడు. రెండో చరణం ముందు సందు వచ్చింది. ఎల్లేశం ఆలోచించలేదు. వేళ్లే పిలిచాయి. రెండు దెబ్బలు, ఆగి ఒకటి.

పందిరి ఆ చివర కళ్యాణి చేతిలో విస్తరి పట్టుకుని ఆగిపోయింది. విస్తరి పక్కామెకు ఇచ్చేసి, బల్లల మధ్య నుంచి, పిల్లలను తప్పించుకుంటూ వేదిక దగ్గరికి నడిచి వచ్చింది. డబ్బా మీద చెయ్యి పెట్టింది. ఆ పాట పల్లవి దగ్గర ఎల్లేశం మళ్లీ పిలిచాడు. ఆమె అరచేత్తో డబ్బా మీద కొట్టింది. నలభై దాటిన ఇద్దరు మనుషులు అంతమంది ముందు ఏడ్చారు, ఎవరూ పట్టించుకోలేదు.

భోజనాలు కాగానే కోరుట్లకు తిరుగు ప్రయాణం. బస్సు రుద్రంగిలో ఆగింది, డ్రైవరు చాయ్ తాగడానికి దిగాడు. వీళ్లూ దిగి హోటల్ ముందు బల్ల మీద కూర్చున్నారు. గిటార్ సంచి కాళ్ల మధ్య నిలబెట్టి ఉంది. కళ్యాణి ఆపకుండా మాట్లాడుతోంది.

"ఇయ్యాల ఇనవడ్డది. గంత దూరంకెల్లి ఇనవడ్డది. గీ చెవులు ఇంకా సావలే" అంది. "నాలుగేండ్ల సంది లేనిది ఇయ్యాల ఎట్ల ఇనవడ్డదంటవు?"

ఆమె ముఖంలో ఆ వెలుగు చూశాక ఎల్లేశం ఆగలేకపోయాడు. ఇంత మంచి రోజున చెబితే పోతుంది, బరువు దిగిపోతుంది అనుకున్నాడు. ఆమెకు ఎదురుగా జరిగి, పెదాలు కనపడేట్టు, మెల్లగా చెప్పాడు. వైరు సంగతి, జేబు సంగతి, ల్యాప్‌టాప్ సంగతి.

"నాలుగేండ్లు నేను వాయించనే లేదు కళ్యాణీ. సిగ్గై చెప్పలే. నీ చెవులకు ఏం కాలే. నాడు ఎట్లున్నయో గట్లనే ఉన్నయి."

కోపం వస్తుందనుకున్నాడు. రాలేదు. ఆమె నవ్వబోయింది కూడా. "అంటే నాకు ఇనవడ్డది నిజమే. నువ్వు పిలువలే గనుక పిలుపు ఇనవడలే" అంది, లెక్క సరిచూసుకున్నట్టు. "ఉన్నదే ఇనవడ్డది. లేనిది ఇనవడలే."

ఆ మాట దగ్గర ఆమె ఆగిపోయింది. చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టింది.

"గట్లయితే మా అవ్వ పిలిచింది" అంది.

ఎల్లేశంకు అర్థంకాలేదు. ఆమె అతనికేసి చూడకుండా, రోడ్డు చూస్తూ చెప్పింది.

"బెండకాయలు కోస్తున్న. కింద బండల నుంచి అచ్చింది. రెండు, ఆగి ఒకటి. నాకు తగిలింది. అవ్వ చెయ్యే లేస్తలేదు, ఎట్ల కొడ్తది అనుకున్న. నీ పిలుపే ఇనవడని చెవులు, గిది యాడికెల్లి ఇనవడ్తది అనుకున్న. జర్ర సేపైనంక ఇంకోసారి అచ్చింది. లేవలే. కాయలన్ని కోసి, జావ కాసి, గప్పుడు పోయిన."

పోశవ్వ ఆఖరిగా కదిపిన చెయ్యి, పట్టె మీద పడి ఉన్న ఆ చెయ్యి, ఎల్లేశం కళ్ల ముందు కనపడింది. డాక్టర్లు లేవదన్న చేతిని కూతురి కోసం ఎంత కష్టం మీద లేపిందో ఆ ముసలామె. కూతురు వినలేదా, విన్నది. విన్నదాన్ని నమ్మకుండా చేసినవాడు ఇక్కడ చాయ్ తాగుతూ కూర్చున్నాడు.

"నువ్వు చెప్పకపోతే మంచిగుండు" అంది కళ్యాణి. అందులో కోపం లేదు. అదే అతన్ని చంపింది. కోరుట్ల బస్సు హారన్ కొట్టింది. ఆమె లేచి రోడ్డు దాటి, అవతలి వైపు వచ్చి ఆగిన వేములవాడ బస్సు ఎక్కింది. ఎల్లేశం గిటార్ భుజాన వేసుకుని వెంట పరిగెత్తాడు. వేములవాడలో బస్సు మారి ఇద్దరూ సిరిసిల్లలో దిగారు.

ఐదో తీగను అతను మర్నాడు విప్పేశాడు. పిలిచేది ఆ తీగ మీదే కనుక. కళ్యాణి అతను విప్పడం చూసింది, ఎందుకని అడగలేదు. ఇప్పుడు పార్టీలో ట్రాకు చెడిపోయినప్పుడల్లా నాలుగు తీగలతోనే నెట్టుకొస్తాడు. కళ్యాణి ఇంట్లో చప్పుడైతే మళ్లీ తల తిప్పుతోంది, ప్రతి చప్పుడుకూ లేచి వెళ్లి చూస్తోంది. కుక్క తోక నేలకు కొట్టినా, గాలికి తలుపు కొట్టుకున్నా లేస్తుంది. ఎల్లేశం ఆమెను వారించడు.

కానీ ఆ సాయంత్రం సంగతి మిగిలింది. పక్కింటి వాళ్ల దగ్గర తాళం చెవి తీసుకుని కళ్యాణి తల్లి ఇంటి తలుపు తెరిచింది. పొద్దు ఇంకా వాలలేదు. ముందు గదిలో మంచాన్ని గోడకు నిలబెట్టి ఉంచారు. ఎల్లేశం సాయం పట్టబోతే వద్దంది. తనే దాన్ని దించి, ఆ రోజు ఎక్కడుందో అక్కడికి, బండల మీద నాలుగు మంచం కోళ్ల మరకలు చూసుకుని జరిపింది. ఒట్టి మంచం పక్కన నేల మీద కూర్చుంది. చాలాసేపు పట్టె మీద చెయ్యి వేసి ఉంచింది. తర్వాత అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టింది. వస్తున్న అని.

ఎల్లేశం చెప్పులు బయట విడిచి గడప లోపల నిలబడి ఉన్నాడు. ఆ దెబ్బ బండల్లోంచి వచ్చి అతని అరికాళ్లకు తగిలింది.